తీసేసిన రెండు నిమిషాలు

ఇరవై రెండేళ్లపాటు ఆవిడ చేసిన పని పెళ్లిళ్లలో గొడవలు కనపడకుండా చెయ్యడం. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో ఎడిటరు. మూతి ముడుచుకున్న మేనత్తలు, కుర్చీ దొరకలేదని అలిగిన బాబాయిలు, ఫొటోలో తమను పక్కకు నెట్టేశారని కళ్లనీళ్లు పెట్టుకున్న ఆడపడుచులు, అందరూ ఆవిడ కంప్యూటరులోంచి నవ్వుతూ బయటికి వచ్చేవారు. నవ్వే ముక్క ఒక్కటీ దొరక్కపోతే ఆ చోట పూలు పెట్టేది. పూలు లేని పెళ్లినీ, దాచాల్సింది లేని పెళ్లినీ తాను చూడలేదని ఆవిడే చెబుతుంది. పెళ్లిలో తన్నుకున్న రెండు కుటుంబాలు ఏడాది తర్వాత ఆ వీడియో చూసుకుని, మనం బాగానే ఉన్నామే అనుకుని రాజీపడ్డాయని స్టూడియో యజమాని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నిజమో కోతో ఆయనకే తెలియాలి.

ఒక పెళ్లిలో కెమెరామన్ కెమెరా ఆపడం మరిచిపోయి బల్ల మీద పెట్టేశాడు. నలభై నిమిషాలు అది హాలు వెనకవైపుకు తిరిగి ఉంది. అక్కడ ఒక ముసలామె గిన్నెలు తోముతోంది. గిన్నెల గుట్ట ఆమె తలకన్నా ఎత్తు. ఆ ముక్క తీసి పారెయ్యబోయిన ఎడిటరు ఎందుకో చివరిదాకా చూసింది. నలభై నిమిషాల్లో ఆ ముసలామె ఒక్కసారి నడుం నిలబెట్టింది. గుట్ట మాత్రం తగ్గలేదు, ఎవరో ఒకరు తెచ్చి పడేస్తూనే ఉన్నారు. ఇన్నేళ్లూ తాను పారేసినవాటిలో ఇలాంటివి ఎన్ని పోయాయో లెక్క వేసుకోబోయి ఆవిడ వేసుకోలేకపోయింది. ఆ ఏడాదే ఉద్యోగం మానేసింది. వాళ్లాయన సిటీ బస్సు డ్రైవరు. మానేశావు సరే, ఏం చేస్తావని అడిగితే డాక్యుమెంటరీలు తీస్తానంది. అంటే పూలు లేని పెళ్లి వీడియోలన్నమాట, అన్నాడాయన.

మొదటి సినిమాతోనే చెయ్యి కాలింది. కాలింది తన చెయ్యి కాదు, అదే ఆవిడ బాధ. ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే తాత ఒకాయన ఉండేవాడు. లిఫ్టు తాడు అరిగిపోయిందనీ, ఏడుసార్లు చెప్పినా పైవాళ్లు చెవిన పెట్టలేదనీ కెమెరా ముందు చెప్పాడు. అది కేబుల్ టీవీలో వచ్చింది. వారంలో కొత్త తాడు వేశారు. తాతను మాత్రం మూడోరోజే తీసేశారు. ఆయన వీళ్లింటికి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, నింపాదిగా ఒక్క మాట అన్నాడు.

"నన్నొక్కసారి పిలిచి చూపించి ఉంటే, తాడు ముక్క ఉంచి నా ముక్క తీసెయ్యమనేవాణ్ణి కదమ్మా."

తిట్టి ఉంటే బాగుండేదని ఆవిడ ఇప్పటికీ అనుకుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ఒక నియమం పెట్టుకుంది. సినిమాలో ఎవరున్నారో వాళ్లే ముందు చూడాలి. నా ముక్క వద్దు అని ఎవరైనా అంటే, ఎందుకని అడగకూడదు. వాళ్లను పక్కన కూర్చోబెట్టి, వాళ్ల వేలితోనే మీట నొక్కించి, ఆ ముక్కను ఉన్న చోటల్లా చెరిపెయ్యాలి. ఇష్టమైనవాళ్లు అప్పుడు కాగితం మీద సంతకం చేస్తారు.

మునిసిపల్ లైబ్రరీ పైగదిలో పిల్లలకు పాఠాలు మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే మొదటి పాఠం. ఆ గదిలో సగం పాత పేపర్ల కట్టలు, మిగతా సగంలో ఒక బల్ల, ఎనిమిది కుర్చీలు, రెండు కెమెరాలు, ఒక కాలికి టేపు చుట్టిన స్టాండు ఒకటి. శని, ఆదివారాల్లో పదహారు నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలు వస్తారు. లోకాన్ని మార్చేద్దామని వచ్చేవాళ్లే అందరూ. ముందు ఆ స్టాండు కాలు సరిగ్గా నిలబెట్టు, తర్వాత లోకం సంగతి చూద్దాం, అంటుంది. కొత్త చోటికి రెండుసార్లు కెమెరా లేకుండా వెళ్లిరమ్మంటుంది. మాట్లాడే మనిషి ఆగిపోయాక కెమెరా కట్టెయ్యకుండా మనసులో పది లెక్కపెట్టమంటుంది. అడిగినదానికి జవాబు మన కోసం చెబుతారు, ఆగిన తర్వాత చెప్పేది తమ కోసం చెప్పుకుంటారు అని ఆవిడ నమ్మకం. అందుకే పిల్లలు ఆవిడకు పది టీచరని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకూ తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

ఏడేళ్లలో తొమ్మిది సినిమాలు తీయించింది. వాటిలో మూడింటివల్ల ఏదో ఒకటి మారింది. ఒక ఆఫీసు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుబాట వచ్చింది, అలాంటివి. మిగతా ఆరూ చూసి జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయారు. ఈ సంగతి కొత్త పిల్లలకు మొదటిరోజే చెప్పేస్తుంది. వాళ్లు నమ్మరు. నమ్మకపోవడమే మంచిదని ఊరుకుంటుంది.

పదో సినిమా హెడ్‌ఫోన్స్ పిల్లది. పద్దెనిమిదేళ్లది, రికార్డింగు చెయ్యడంలో అందెవేసిన చెయ్యి. హెడ్‌ఫోన్స్ మెడలో లేకుండా ఆ పిల్లను ఎవరూ చూడలేదు. వాళ్లమ్మ పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. పెద్దాసుపత్రిలో మంచాల మీద దుప్పట్లు, డాక్టర్ల గౌన్లు, తువ్వాళ్లు వ్యానుల్లో అక్కడికే వస్తాయి. వచ్చినవాటిని మిషన్లలో వెయ్యకముందు పొడవాటి బల్ల మీద పరిచి వేరు చేస్తారు. ఆ బల్ల దగ్గర పదకొండుమంది, ఎనిమిదిమంది ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. అందరికన్నా పాత మనిషి ఈ పిల్ల తల్లే. పదకొండేళ్లుగా అక్కడే ఉంది, అందరూ పెద్దక్క అంటారు.

ఆ దుప్పట్ల మడతల్లో సూదులు ఉంటాయి. ఇంజెక్షను చేసిన నర్సో, సెలైను పెట్టినవాళ్లో హడావిడిలో మంచం మీద వదిలేసినవి దుప్పటితోపాటు వచ్చేస్తాయి. ఒక నెలరోజులు దొరికిన సూదుల్ని పెద్దక్క మూత ఉన్న డబ్బాలో దాస్తే అరవై నాలుగు తేలాయి. చేతులకు వేసుకునేవి వంటింటి తొడుగుల్లాంటి పల్చటి రబ్బరు తొడుగులు. వాటికి సూదీ ఒకటే, వెంట్రుకా ఒకటే. మందపాటివి ఇప్పించమంటే సూపర్‌వైజరు చూద్దాం అంటాడు. మనిషి చెడ్డవాడేం కాదు, భయస్తుడు. ఆసుపత్రివాళ్లతో మాటామాటా వస్తే కాంట్రాక్టు పోతుందని ఆయన భయం. అడిగినవాళ్లను వదిలించుకోవడం ఆయనకు తెలిసిన ఒకే ఒక మందు. అంతకుముందు ఏడాది అలా ఒకామెను పంపేశాడు కూడా.

దుప్పట్లు ఎలా శుభ్రపడతాయో సినిమా తీస్తామంటే ఆయనే సంబరపడి మిషన్లన్నీ తిప్పి చూపించాడు. మిషన్లు వచ్చాయి, ఆవిరి వచ్చింది, డబ్బాలో సూదులు వచ్చాయి. సూది గుచ్చుకుంటే ఏమవుతుందో చెప్పే మనిషే లేరు. అడిగితే అందరూ నవ్వేసి తప్పుకున్నారు. చివరికి పెద్దక్క ఒప్పుకుంది, మొహం చూపించకూడదన్న షరతు మీద. దానికి టీచరు, మీ మొహమే కాదు, గొంతు కూడా ఎవరూ పట్టలేరని మాట ఇచ్చింది. ఇరవై రెండేళ్లు మనుషుల్ని మాయం చేసిన చెయ్యి కదా, ఆ విషయంలో ఆవిడకు కాస్త గర్వం ఉండేది.

వాళ్లింటి వంటగదిలో, పగటిపూట, తలుపు వేసుకుని తీశారు. టీచరు కెమెరా పట్టుకుంది, పిల్ల మైకు పట్టుకుంది. పెద్దక్క ఒక దుప్పటి మడతపెడుతూ మాట్లాడింది. తెర మీద చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఏడుసార్లు గుచ్చుకుందని చెప్పింది. మొదటిసారి సబ్బుతో కడుక్కుని పనిలోకి రమ్మన్నారనీ, తనే వెళ్లి రక్తపరీక్ష చేయించుకుందనీ చెప్పింది. ఆగింది. టీచరు మనసులో లెక్కపెడుతూ ఎనిమిది దగ్గర ఉండగా, పెద్దక్క కెమెరా వైపు కాక కూతురి వైపు తిరిగింది.

"రోగం అంటిందో లేదో మళ్లీ ఆరునెలలకి పరీక్ష చేస్తేగానీ తేలదన్నారు. ఆ ఆరునెలలూ నిన్ను దగ్గరికి రానివ్వలేదు. నీకప్పుడు ఎనిమిదేళ్లు. నా గ్లాసు ముట్టుకున్నావని కొట్టాను కూడా. అలా అంటుకోదని తర్వాతెవరో చెప్పారు."

పిల్ల చేతిలో మైకు కదల్లేదు. అంత గట్టిగా పట్టుకుంది. అంతా కలిపి రెండు నిమిషాలు. టీచరు ఇంటికి వెళ్లి భర్తతో, పదేళ్లలో ఇలాంటి ముక్క దొరకలేదని చెప్పి, చెప్పినందుకు తనకే సిగ్గేసి ఊరుకుంది.

నియమం ప్రకారం ఒక ఆదివారం పదకొండుమందినీ పైగదికి పిలిచి సినిమా చూపించారు. గొంతు మార్చేశారు, మగవాళ్ల గొంతులా బొంగురుగా వస్తోంది. వంటగది గుర్తుపట్టకుండా వెనకంతా మసకచేశారు. తెర మీదికి చేతులు వచ్చి దుప్పటిని పరిచాయి. అరచెయ్యి తిప్పి, మణికట్టు వెనకవైపుతో గుడ్డను ఒకసారి అటూ ఒకసారి ఇటూ తడిమాయి. అంతే, ఇస్త్రీ మిషను పని కూడా చూసే ఆమె గట్టిగా నవ్వేసింది.

"మన పెద్దక్కే."

గదిలో అందరూ నవ్వారు. చేతివేళ్లకు ఎన్నిసార్లో గుచ్చుకున్నాక, సూది ఉందో లేదో చూడ్డానికి చెయ్యి వెనక్కి తిప్పి తడమడం పెద్దక్క తనంతట తను అలవాటు చేసుకున్న పద్ధతి. ఆ లాండ్రీలో అలా తడిమేది ఆమె ఒక్కతే. బయటివాళ్లం మనిషిని మొహంతో గుర్తుపడతాం. ఒకే బల్లకు అటూ ఇటూ తలొంచుకుని ఏళ్లతరబడి నిలబడినవాళ్లకు ఎదుటిమనిషి అంటే చేతులే. ఈ చిన్న సంగతి పది టీచరుకు తట్టలేదు. మొహం దాస్తే మనిషిని దాచినట్టే అనుకుంది. సినిమావాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత తెలివితక్కువగా అనుకోరు.

నవ్వు ఆగాక అందరికీ ఒకేసారి తట్టింది, సూపర్‌వైజరు కూడా రోజూ ఆ బల్ల చుట్టే తిరుగుతాడని. పెద్దక్క లేచి వచ్చి, నా ముక్క తీసెయ్యండి టీచరుగారూ, అంది. ఎందుకని ఆవిడ అడగలేదు. అడగాలని మాత్రం నాలుక దురద పెట్టింది. పెద్దక్కను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మీట చూపించింది. పెద్దక్క చూపుడువేలితో నొక్కింది. సినిమాలోంచి, కెమెరాలోంచి, ఇంకో చోట దాచిన కాపీలోంచి మొత్తం మూడుసార్లు. కూతురు పక్కనే నిలబడి చూసింది.

అందరూ మెట్లు దిగాక ఆ పిల్ల ఉండిపోయింది. ఇప్పుడు ఇది సినిమా కాదు, లాండ్రీవాళ్ల ప్రకటన అంది. వేరేవాళ్ల చేతులతో మళ్లీ తీద్దాం, మీ చేతులే పెడదాం, మాటలు నేను చదువుతాను అంది. అబద్ధమవుతుంది అంది టీచరు. ఒక్క అబద్ధంతో పదకొండుమందికి తొడుగులు వస్తాయి అంది పిల్ల. ఇది లాండ్రీలో పనిచేసేవాళ్ల చెయ్యి కాదని ఒక్కరు రుజువు చేస్తే, ఆ అరవై నాలుగు సూదులు కూడా అబద్ధమే అంటారు అంది టీచరు. పిల్లకు ఒళ్లు మండింది.

"అయితే మీరు పెళ్లి వీడియోలే తీసుకోండి టీచర్. మీకు దాచడమే వచ్చు."

అలా అని వెళ్లిపోయింది. ఆ మాట టీచరు మనసులో ముల్లులా దిగబడింది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ కదా. వారంలో ప్రదర్శన ఉంది. లైబ్రరీ కింది హాలులో ఏడాదికొకసారి వేసే సినిమాలు చూడ్డానికి ఆసుపత్రి హెడ్ నర్సును పిలిచారు, దుప్పట్ల బాధ్యత ఆవిడదే. లాండ్రీ సూపర్‌వైజరును పిలిచారు, తన మిషన్లు తెర మీద చూసుకోవాలని ఆయన అందర్నీ వెంటబెట్టుకుని వస్తున్నాడు. చూపించాల్సినవాళ్లంతా వస్తున్నారు, చూపించాల్సిందే లేదు. మింగలేక కక్కలేక ఆవిడ నాలుగు రోజులు ఆ పధ్నాలుగు నిమిషాల సినిమాను ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చుంది. పెద్దక్కను పిలిచి నచ్చజెబితే ఒప్పుకుంటుందేమో అని కూడా ఒక పూట అనుకుంది. ఆ పూట గురించి ఆవిడ ఎవరికీ చెప్పదు.

మధ్యలో రెండు నిమిషాలు ఊడిపోయిన చోట ఏం పెట్టాలో తోచలేదు. భర్త డ్యూటీ నుంచి వచ్చి ఆవిడతోపాటు భోంచేస్తూ, ఏముంది, పూలు పెట్టెయ్ అన్నాడు. ఎప్పుడూ ఆడే వేళాకోళమే. ఆవిడకు నవ్వు రాలేదు. ఆయన అన్నం కలుపుకుంటూ, బస్సులో సీటు చిరిగిపోతే కొత్తది వచ్చేదాకా మేము కప్పి ఉంచం, ఆ సీటే తీసేసి ఖాళీగా వదిలేస్తాం, అప్పుడు ఎక్కినవాడల్లా సీటేదని అడుగుతాడు, డిపోవాళ్లు విసుగెత్తి వేస్తారు అన్నాడు. ఆవిడ చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లింది.

పెద్దక్క మాటలున్న రెండు నిమిషాల చోట రెండు నిమిషాలు నల్లతెర ఉంచేసింది. సంగీతం లేదు, చప్పుడు లేదు. నలుపు మీద తెల్లటి అక్షరాలు. ఇక్కడ ఒకామె మాట్లాడింది, చూపిస్తే ఆమె పని పోతుంది కాబట్టి తీసేశాం, అని. నియమం నియమమే, దాన్ని కూడా ముందు ఆ పదకొండుమందికే చూపించింది. మగవాళ్లలో ఒకతను, మొన్నటిదాకా ఏమీ మాట్లాడనివాడు, ఒకామె అని ఎందుకు, ఒకరు అని రాయండి, అప్పుడు మేమూ లెక్కలోకి వస్తాం అన్నాడు. అలాగే మార్చింది. పదకొండుమందీ సంతకాలు పెట్టారు. పెద్దక్క కూడా పెట్టింది, నల్లతెరకు.

ప్రదర్శన రోజు కింది హాలు నిండింది. కిటికీలకు పేపర్లు అంటించి చీకటి చేశారు. మిషన్లు తిరుగుతుంటే సూపర్‌వైజరు పక్కవాళ్లకు పేర్లు చెబుతూ కూర్చున్నాడు. డబ్బాలో సూదులు వచ్చేసరికి ఆయన మాట ఆగింది. ఆ తర్వాత నల్లతెర వచ్చింది. ఎవరో కరెంటు పోయిందా అన్నారు. అక్షరాలు వచ్చాయి, అందరూ చదువుకున్నారు. చదవడం పది క్షణాల్లో అయిపోయింది. తెర మాత్రం కదల్లేదు. రెండు నిమిషాలంటే ఎంతో అప్పుడు తెలుస్తుంది మనిషికి. కుర్చీలు కిర్రుమన్నాయి, దగ్గులు వినపడ్డాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. సూపర్‌వైజరు మెల్లిగా వెనక్కి తిరిగి తన మనుషుల మొహాలు వరసగా చూశాడు. పదకొండుమందీ తెర వైపే చూస్తున్నారు. ఒక్కరు తల తిప్పినా, ఒక్కరు పెద్దక్క వైపు కన్ను కదిపినా అయిపోయేది. ఎవరూ కదపలేదు. గోడకు ఆనుకుని నిలబడిన టీచరు ఆ వరసనే చూస్తోంది. తల్లి పక్కన కూర్చున్న హెడ్‌ఫోన్స్ పిల్ల పెదవులు కదుపుతోంది. పది లెక్కపెడుతోందేమో అనుకుంది టీచరు.

దీపాలు వేశాక చప్పట్లు అంతగా రాలేదు. సూపర్‌వైజరు లేచి, తన దగ్గర ఇప్పటిదాకా ఎవరికీ సూది గుచ్చుకోలేదనీ, గుచ్చుకున్నామని ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పమనీ అన్నాడు. ఎవరూ చెప్పలేదు. ఆయన కూర్చోబోతుంటే హెడ్ నర్సు లేచింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వార్డంతా వినపడేది.

"ఎవరు మాట్లాడారో నాకక్కర్లేదండీ. ఆ సూదులు దుప్పట్లో వదిలింది మా వాళ్లు. అది మాత్రం నాకు బాగా కనపడింది."

పెద్దక్క మాటలు తెర మీద ఉండి ఉంటే హాలు హాలంతా అయ్యో పాపం అని ఆమెను చూసేదని టీచరుకు తర్వాత అనిపించింది. చూడ్డానికి మనిషి లేకపోయేసరికి సూదుల్ని చూశారు. ఇది తాను ముందే ఆలోచించి చేసిందేం కాదని కూడా ఆవిడ ఒప్పుకుంటుంది.

మూడువారాల్లో ప్రతి వార్డులోనూ సూదులు వేసే పసుపు డబ్బాలు పెట్టారు. వ్యాను బయలుదేరే ముందు దుప్పట్లు దులిపి పంపాలని నర్సు రాసి అంటించింది. లాండ్రీకి మందపాటి తొడుగులు వచ్చాయి. మొదట వచ్చినవి ఎంత పెద్దవంటే రెండు చేతులూ ఒకదాంట్లో పట్టేవట, తిప్పి పంపిస్తే సరైనవి వచ్చాయి. సూదులు పూర్తిగా ఆగలేదు, నెలకు ఏడెనిమిదికి తగ్గాయి. మాట్లాడింది ఎవరో కనుక్కోవాలని సూపర్‌వైజరు ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. ఇస్త్రీ ఆమె, మేము మీరేనేమో అనుకున్నాం సార్ అందట. ఆయన ఇంకెవరినీ అడగలేదు.

తర్వాతి శనివారం హెడ్‌ఫోన్స్ పిల్ల అందరికన్నా ముందే పైగదికి వచ్చింది. పెళ్లి వీడియోల మాట అన్నందుకు క్షమాపణ అడగడానికి వచ్చిందనుకుంది టీచరు. పిల్ల పెన్ డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టింది. ఆ రెండు నిమిషాలూ అందులో ఉన్నాయి. తీసిన రోజే ఇంట్లో కాపీ చేసుకుందట.

టీచరుకు లిఫ్టు తాత కళ్లముందు మెదిలాడు. మీ అమ్మ తన వేలితో మూడుసార్లు నొక్కింది, నువ్వు పక్కనే నిలబడ్డావు, ఎవరికి చూపించావు, ఎక్కడ పెట్టావు అని గొంతు పెంచింది. ఆ గదిలో ఆవిడ గొంతు పెంచడం అదే మొదటిసారి. పిల్ల తల దించుకోలేదు.

"ఎవరికీ చూపించలేదు టీచర్. అవి నాకు చెప్పిన మాటలు. సినిమాకి చెప్పినవి కావు."

ఎనిమిదేళ్ల వయసులో తల్లి ఎందుకు కొట్టిందో, ఎందుకు దూరం పెట్టిందో ఆ పిల్లకు పదేళ్లు తెలియలేదు. నేనేం తప్పు చేశానా అని పదేళ్లు వెతుక్కుంది. జవాబు దొరికిన వారానికే దాన్ని చెరిపెయ్యమన్నారు. ఆ రోజు హాల్లో నల్లతెర ఉన్నంతసేపూ అమ్మ మాటలే మనసులో చెప్పుకుందట. టీచరు కుర్చీ లాక్కుని కూర్చుంది. నియమం పెట్టినప్పుడు తాను మాట్లాడేవాళ్ల గురించి ఆలోచించింది, చూసేవాళ్ల గురించి ఆలోచించింది. ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ల గురించి ఆలోచించలేదు. కోపం పోయింది, దుఃఖం వచ్చింది. అది పిల్లకు కనపడనిచ్చింది కూడా.

దీన్ని చెరపడానికి నాకు హక్కులేదు, దాచుకోవడానికి నీకూ లేదు, తీసుకెళ్లి మీ అమ్మకు ఇవ్వు, నాతో చెప్పిన మాటే ఆమెతోనూ చెప్పు అంది.

ఆ వారమంతా ఆవిడకు స్థిమితం లేదు. పెద్దక్క వచ్చి నాలుగు దులిపేస్తుందని, అందుకు తాను అర్హురాలేనని అనుకుంటూనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం పెద్దక్క ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. వయసులో తనకన్నా చిన్నదే అయినా టీచరు కూడా ఆమెను పెద్దక్క అనే పిలుస్తుంది. రండి పెద్దక్కా అని కుర్చీ వేసింది.

పెద్దక్క కూర్చుని ఆయాసం తీర్చుకుంది. ఇంట్లో నేనూ మా అమ్మాయీ కలిసి చూశామంది. మొదటిసారి ఈ గదిలో చూసినప్పుడు అందరి నవ్వుల్లో ఏమీ వినపడలేదని, ఇప్పుడు వింటే నేను ఇంత సరిగ్గా చెప్పానా అనిపించిందని అంది. మళ్లీ వెయ్యమన్నాను, మూడుసార్లు చూశాం అంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, టీచరు అడగలేదు. పెన్ డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీ దగ్గరుంచండి టీచరుగారూ. నాలుగేళ్లలో దాని చదువైపోతుంది, నేనా పని మానేస్తాను. ఆ మర్నాడు అందరికీ చూపించండి. మొహంతో సహా కావాలంటే మళ్లీ తీయండి."

అయితే సంతకం కావాలని టీచరు సొరుగులోంచి కాగితం తీసింది. పెద్దక్క పెద్దపెద్ద అక్షరాలతో పేరు రాసి, తేదీ దగ్గర కాసేపు ఆలోచించి, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, నాలుగేళ్ల తర్వాతి తేదీ వేసింది. టీచరు అది చూసి, ఇవాళ్టి తేదీ వెయ్యాలి పెద్దక్కా అంది.

"ఇవాళ నేను ఒప్పుకోవట్లేదు కదండీ."

టీచరు ఆ కాగితాన్ని అలాగే తీసుకుంది. అలాంటి తేదీ ఉన్న కాగితం ఆ సొరుగులో ఇంకోటి లేదు. మడతపెడుతూ, మనసులో ఉన్నది దాచుకోలేక, నాలుగేళ్లంటే చాలా కాలం, అప్పటికి ఈ మాటలు పాతబడిపోతాయేమో అంది.

పెద్దక్క లేచి నిలబడింది.

"పాతబడాలనే కదండీ చెప్పింది."